అడగకుండా తెరిచిన తలుపు

మరాఠీ ఊళ్లో మా తెలుగు నేతగాళ్ల వాడ అయిన జోడ్‌భావి పేట్‌లో, మా మేనత్త ఇంటి గోడకు ఒకరోజు పొద్దున బోర్డు కనిపించింది. చేనేత చూడండి అని మరాఠీలో రాసి, తలుపు వైపు బాణం గుర్తు వేశారు. ఆమెను ఎవరూ అడగలేదు. నన్ను మాత్రం అడిగినట్టే లెక్క. ఆ బోర్డు పెట్టించిన కమిటీలో నేనూ సభ్యురాలిని.

ఊరు చూడటానికి వచ్చేవాళ్లకు నేతగాళ్ల వీధులు చూపించాలని, టూరిజం ఆఫీసువాళ్లు, హోటళ్లవాళ్లు, నేతగాళ్లం మేము కలిసి నిర్ణయాలు తీసుకోవాలని ఆ కమిటీ పెట్టారు. మరాఠీ చదవడం, రాయడం వచ్చని వీధివాళ్లు నన్ను పంపారు. కమిటీ మొదటిసారి కూర్చున్న బైఠక్‌లో నేను నోరు తెరవకముందే, మగ్గాలున్న ఇళ్లు చూపించాలన్న తీర్మానాలు టైపు చేసి ఉన్నాయి. ఛాయ్ ఇచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు. పెట్టాను. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదలలేదు.

బోర్డు పెట్టాక జనం నేరుగా ఇంట్లోకి రాసాగారు. ఒక మధ్యాహ్నం అత్త అన్నం తింటుంటే ఒకాయన ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తి, లేచి మగ్గం దగ్గర కూర్చోమని సైగ చేశాడు. ఆమె చెయ్యి కడుక్కుని వెళ్లి కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

తర్వాతి బైఠక్‌కు ఆమెను వెంటబెట్టుకుపోయాను. వీధి తరఫున మీ సంతకం ఉంది కదా అన్నాడు అధికారి, మర్యాదగానే. అత్త తెలుగులోనే చెప్పింది: "నా ఇంటికి రమ్మనే మాట నేను జెప్పాలె సాబ్. మీరు ఆఫీసుల కూసొని నా తలుపు ఎట్ల తెరుస్తరు?"

ఒక్క మాటా మెత్తబరచకుండా మరాఠీలో చెప్పాను. తీర్మానం అయిపోయిందన్నారు.

ఆ రోజే అత్త తలుపుకు గొళ్లెం పెట్టింది. మగ్గాలున్న మిగతా ఇళ్లవాళ్లూ పెట్టారు. బస్సు దిగినవాళ్లు మూసిన తలుపులు చూసి వెళ్లిపోయారు. వారం తిరగకుండా ఆఫీసువాళ్లే వచ్చి అత్త మగ్గం పక్కన చాప మీద కూర్చున్నారు. పొద్దున రెండు గంటలసేపే, వంతులవారీగా రోజుకు ఒక్క ఇంటికే, అడిగి మరీ రావాలని మేము చెప్పాం. వాళ్లు రాసుకుని, బోర్డు తీయించారు.

తీరా కొత్త తీర్మానం కాగితం వస్తే, అధికారుల సూచన మేరకు, వీధివాసుల సహకారంతో ఈ ఏర్పాటు చేశామని ఉంది. అత్తకు చదివి వినిపించాను.

"సూచన ఎవలదే?" అంది. "తలుపులు మూసింది మనం గదా."

ఆ వాక్యం మార్చమని కాగితం తిప్పి పంపాను. వారానికోసారి ఆఫీసుకు ఫోన్ చేస్తున్నాను. సాబ్ బయటికి పోయిండంటారు.