కళ్లు రేపెడుదువు గాని

మా అమ్మాయి చదువు ముగిశాక దాని రంగుల డబ్బా వంటింటి అలమరలో పడి ఉండేది. పగుళ్లిచ్చిన రంగు బిళ్లలు, వెంట్రుకలు సగం రాలిన ఒక కుంచె. నేను అక్షరాలు దిద్దింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. బొమ్మలు మొదలెట్టేనాటికి ఆవు అని రాయలేను గానీ ఆవును గీయగలిగేదాన్ని. మధ్యాహ్నం పని తీరాక ఎదురుగా ఏది ఉంటే అది గీసేదాన్ని. బొగ్గుల పొయ్యి, సొట్టపోయిన టీ గిన్నె, తీగ మీద దుప్పట్లు. డబ్బాలో తెల్ల బిళ్ల అన్నిటికన్నా ముందు అరిగిపోయింది. "తెలుపు పుయ్యకమ్మా, అక్కడ కాగితం వదిలెయ్యి" అని అమ్మాయి చెప్పాక గానీ తెలియలేదు, నీటిరంగుల్లో వెలుగుకి చోటు ముందే వదులుకోవాలని.

బిలాస్‌పూర్‌లో మా క్వార్టరు లోకో షెడ్డుకి దగ్గర. బొగ్గింజన్లు తగ్గిపోతున్న రోజులే అయినా, గాలి మా వైపు తిరిగితే మసి రాలేది. ఆరేసిన బట్టల మీదా, చెరిగిన బియ్యం మీదా, నా తడి రంగు మీదా. బొమ్మ ఆరేదాకా కిటికీ మూసేసుకునేదాన్ని. మా ఆయన ఆ షెడ్డులోనే ఫిట్టరు. దగ్గు ముదిరి, డ్యూటీకి వెళ్లలేక ముందు గదిలో మంచం పట్టాక, కిటికీ మూయడం కుదరలేదు. మూస్తే ఆయనకి ఊపిరి ఆడేది కాదు.

పడుకునే నా బొమ్మల్ని వెక్కిరించేవాడు. "అచ్ఛా, మసిగిన్నికి కూడా యోగం పట్టిందేటి! దాని పిడి సూడు, ఏనుగు సెవిలాగుంది." గుమ్మం దాటలేని స్థితి వచ్చాక మాత్రం, "బైట ఏటవుతోందో గీసి అట్టుకురా" అని తనే అడిగేవాడు.

ఆయన ముఖం గీయాలని నాకు అప్పుడే పట్టుకుంది. మా ఇంట్లో ఆయన ఫొటో అంటూ ఒక్కటే ఉంది. షెడ్డు వాళ్లంతా కలిసి తీయించుకున్నది. అందులో ఆయన వెనక వరసలో ఉన్నాడు. ముందు నిలబడ్డవాడి టోపీ ఆయన ముఖాన్ని మింగేసింది. మనిషి పోతే నాకు ముఖం కూడా మిగలదు.

పెన్సిలుతో నుదురు గీస్తుండగానే మా అత్త చూసింది.

"ఏటే ఆ పని? ఉన్నోడికి బొమ్మేటి? దండ కూడా గుచ్చీసి ఉంచీసినావేటి?"

ఆవిడ భయం ఆవిడది. మా గోడ మీద బొమ్మలున్న వాళ్లందరూ పోయినవాళ్లే. నేను కాగితం తీసేశాను.

"అమ్మ మాట ఇను" అన్నాడాయన. "నా బూట్లు గియ్యి. అవి సావవు."

బూట్లు గీశాను. మేకుకి వేలాడే ఖాకీ చొక్కా గీశాను. అన్నీ బాగానే కుదిరాయి. ఒక్కదాంట్లోనూ ఆయన లేడు.

వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం అత్త వెనక గదిలో పడుకుంది. ఆయనే నన్ను పిలిచాడు.

"అమ్మ పడుకుంది. ఇప్పుడు గియ్యి. దగ్గు ఆపుకుంతాను."

తెలిపారా బజారు నుంచి తెప్పించిన మందపాటి కాగితం ఒకటి మిగిలి ఉంది. నుదురూ, చెంపలూ, మెడా పలచగా పూశాను. చెంపలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. ఆ గుంటలకి ఎంత నలుపు కలపాలో తేల్చుకోలేక చెయ్యి ఆగింది. మొదటి పూత ఆరితే గానీ కళ్లు పెట్టకూడదు, పెడితే పాకిపోతాయి. ఆ చెమ్మకి కాగితం ఆరదే. కిటికీలోంచి మసి వచ్చి వాలుతోంది. మూద్దామని లేస్తే ఆయన చెయ్యి అడ్డం ఊపాడు. పెదవులు బిగబట్టి ఉన్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇంక ఆగలేక దగ్గేశాడు. చాలాసేపు దగ్గి, "కళ్లు రేపెడుదువు గాని" అన్నాడు.

ఆ సాయంత్రమే ఊపిరి అందక ఆస్పత్రికి తీసుకెళ్లాం. మళ్లీ ఇంటికి తెచ్చింది శవాన్నే.

పదకొండో రోజుకి బొమ్మ కావాలన్నారు బంధువులు.

"అలమర మీద దాసినావు కదా, అది తియ్యి" అంది అత్త. నేను అలాగే చూస్తుంటే, "నిద్దరోయినాననుకున్నావేటే? ఇంట్లో దగ్గు ఆగిపోతే నాకు నిద్దరెలాగొత్తాది? తలుపు కాడే నిలబడ్డాను" అంది.

కాగితం ఆరి ఉంది. నుదుటి నిండా నల్లటి చుక్కలు. తడి దూదితో ఒకదాన్ని అద్ది తీయబోయాను. చుక్క కదల్లేదు, చుట్టూ చర్మం రంగు ఊడొచ్చింది.

"ఒగ్గీ" అంది అత్త. "డ్యూటీ నించి అలాగే ఒచ్చీవోడు. కళ్లెట్టు."

కుంచె తడిపి కూర్చున్నాను. ముక్కు గుర్తుంది, చెవి వెనక మచ్చ గుర్తుంది. కళ్లు రాలేదు. ఆ నెలలన్నీ నేను చూసింది ఆయన రొమ్ము లేస్తోందా, లేదా అని. ముఖం ఎప్పుడు చూశాను?

అత్త స్టూలు లాక్కుని వెలుతురులో నా ఎదురుగా కూర్చుంది.

"నన్ను సూడు. ఆడివి నా కళ్లే."

చూస్తూ పెట్టాను. వెలుగుకి రెండు చోట్ల కాగితం వదిలాను. ఆవిడ రెప్పలు వాచి ఉన్నాయి, కింద ఎరుపు. నాకు కనిపించినవి అవే.

ఆ బొమ్మకి దండ వేశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పటికీ మా గోడ మీద అదే ఉంది. అందులో ఆయన ఏడుస్తూ ఉంటాడు. బతికుండగా ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.