అరచేతి కింద నాలుగు చుక్కలు

నా చిన్నప్పుడు, మొదటి తెలంగాణ ఉద్యమం రోజుల్లో, మా బడి నెలల తరబడి తెరవలేదు. కోస్తా నుంచి వచ్చిన మేము దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇంటి యజమాని పోచంపల్లి నేతగాడు, నేను తాత అనేదాన్ని. రోజంతా ఆయన మగ్గం పక్కనే నా మకాం. అబ్బో, అంతకన్నా సుఖమేముంది!

గొడవలు ముదురుతున్నాయని, ఇల్లు ఖాళీ చేసి మా ఊరు వెళ్ళిపోదామని నాన్న ఒక ఉదయం తేల్చేశారు. ట్రంకు పెట్టెలు అరుగు మీదికొచ్చాయి. నేను ఏడుస్తూ తాత దగ్గరికి పరుగెత్తాను.

తాత ఓదార్చలేదు. పీట మీద గుడ్డ పరిచి, దాని మీద ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పెట్టి, గుడ్డను ఒక్క గుంజు గుంజాడు. గుడ్డ చేతికొచ్చింది, చెంబు ఉన్నచోటే ఉంది!

"కదలకుండ కూసున్నది కదలనంటది బిడ్డా. మెల్లగ గుంజితే గుడ్డెంట పోతది, దబ్బున గుంజితే ఆడనే ఉంటది," అన్నాడు.

నేను మా అమ్మ తువ్వాలుతో ప్రయత్నించి రెండుసార్లు వంటిల్లంతా తడిపాను. తాత పకపకా నవ్వి నా తప్పు చూపించాడు. తువ్వాలుకు కుట్టిన అంచు చెంబు అడుగుకు తగులుతోందట. మగ్గం నుంచి కోసిన, ఇంకా అంచు కుట్టని పట్టుముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం నాన్నను పిలిచి పందెం కట్టాడు. "సారూ, గీ పిల్ల గుంజుతది. ఒక్క చుక్క పడ్డా మీరు పోండ్రి. పడకుంటే ఉండాలె. మంజూరేనా?"

నాన్న నవ్వి సరేనన్నారు. కళ్ళు మూసుకుని గుంజాను.

చెంబు నిలబడింది కానీ, నాలుగు చుక్కలు తొణికి పీట మీద పడ్డాయి. గబుక్కున వాటి మీద అరచేయి వేసేశాను.

నాన్న నా చేతి వంక చూశారు, తర్వాత తాత వంక. "చుక్క కూడా పడలేదండీ!" అని పెట్టెలు తనే లోపలికి మోశారు.

అప్పుడు మోసం చేసి గెలిచానని మురిసిపోయాను. ఇప్పుడు మా మనవరాలికి జడత్వం పాఠం వచ్చిందంటే అలాంటి ఇత్తడి చెంబే తీసి, ఆ పట్టుముక్కే పరుస్తాను. దబ్బున గుంజమని నేర్పుతాను. ఆమె చుక్కలు తొణికిస్తే మాత్రం చూడనట్టే ఉంటాను. ఎందుకంటే ఆ సాయంత్రం పెట్టెలన్నీ లోపల పెట్టాక నాన్న వచ్చి, నా తడి అరచేతిని తన పంచె చెంగుతో తుడిచారు.