నక్షత్రం గడకు కట్టిన తీగ

నా మంచం పక్కన కిటికీ గూట్లో కోడిగుడ్డంత పింగాణీ గుండు ఒకటుంది. రెండు వైపులా బెజ్జాలు, ఒక పక్క తుప్పు మరక. వాన పడ్డప్పుడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే మా మాచర్ల మిద్దె మీది తడి మట్టి వాసన వస్తుంది. నిజంగా వస్తుందో, నేనే తెచ్చుకుంటానో చెప్పలేను. మొన్న మీరు ఆ పరాయి దేశం నుంచి ఫోన్ చేసి, అమ్మమ్మా, ఇక్కడ టీవీ ఉన్న ఇంటికి ఏటా లైసెన్సు కట్టాలి, మా ఇంట్లో టీవీయే లేదు, అయినా లైసెన్సు ఏదని ఉత్తరాల మీద ఉత్తరాలు వస్తున్నాయి, లేనిదానికి కూడా లైసెన్సు కావాలా అని నవ్వుతూ అడిగారు. నాకు నవ్వు రాలేదు పిల్లలూ. ఆ ప్రశ్న నా చిన్నప్పుడే మా ఇంటికి వచ్చింది. అప్పుడది టీవీ కాదు, రేడియో. రేడియో ఉన్న ఇంటికి పోస్టాఫీసు వాళ్లిచ్చే లైసెన్సు ఉండాలనేవారు. మాకు రేడియో లేదు. లేదనే అనుకున్నాం.

మాది స్టేషను వెనక వీధి. రాతి గోడలు, మట్టి మిద్దె, ముందు నాపరాళ్లు పరిచిన అరుగు. ఎండాకాలం ఆ రాళ్ల మీద అరికాలు మోపలేక మడమల మీద గెంతుతూ పోయేవాళ్లం; బొగ్గు ఇంజను పొగ, ఆనకట్టకు రాళ్లు తోలే లారీల దుమ్ము, ఎవరింట్లోనో మాడిన జొన్నరొట్టె, అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేవి. చలి మొదలైందంటే మా నాయనమ్మ తడి బియ్యం దంచేది. బెల్లం పాకం కుతకుతమంటుంటే మేము పొయ్యి చుట్టూ చేరి, చేతికంటిన అరిసెల పిండి నాకేవాళ్లం. క్రిస్మస్ దగ్గర పడగానే నాన్న మిద్దె మీద పొడుగాటి వెదురు గడ నిలబెట్టి, దాని చివర రంగు కాగితాల నక్షత్రం కట్టేవాడు. నాన్న మిషన్ బడిలో మాస్టారు. పండగ అయ్యాక వీధిలో అందరి గడలూ దిగేవి. మాది మాత్రం, మళ్లీ ఎక్కించటం ఎవరివల్ల అవుద్దని, ఏడాది పొడుగునా అట్లాగే ఉండేది.

ఆ గడే మా కొంప మీదికి తెచ్చింది. పక్కింటి కోటయ్య మామ రాళ్ల లారీ తోలేవాడు. ఒక ఏడాది రేడియో కొన్నాడు. అది సరిగ్గా పలకాలంటే ఎత్తున పొడుగాటి తీగ లాగాలన్నారట. ఆయన మిద్దె మీద ఒక కర్ర పాతాడు. రెండో కర్ర ఎందుకు, మాస్టారి గడ ఉందిగా అని, తీగ రెండో కొసకు ఈ పింగాణీ గుండు తగిలించి మా నక్షత్రం గడకు కట్టాడు. గడ వాడుకున్నందుకు సాయంత్రం వార్తల వేళకు రేడియోను మా వైపు కిటికీలో పెట్టేవాడు.

అది సరిహద్దులో యుద్ధం జరుగుతున్న కాలం. మా దావీదు బాబాయి పటాలంలో ఉన్నాడు. చానా రోజులుగా ఉత్తరం లేదు. నాయనమ్మకు వార్తల్లో భాష సగం అర్థమయ్యేది కాదు. అయినా ఒడిలో చేట పెట్టుకుని, కందిపప్పులో రాళ్లు ఏరుతూ, ప్రహరీ పక్కనే కూర్చునేది. వార్తలు మొదలవగానే చేతులు ఆగిపోయేవి.

అప్పుడే లైసెన్సులు చూసే ఆయన వస్తున్నాడని ఊళ్లో మాట పుట్టింది. మిద్దె మీద తీగ కనపడితే ఆ ఇంటిమీద కేసే అన్నారు. కోటయ్య మామకు లైసెన్సు ఉంది. కానీ తీగ సగం మా మిద్దె మీద ఉందిగా, మరి సగం రేడియో మాదయినట్టా? గడ మాది, గాలి ఎవరిది? లైసెన్సు పెట్టెకా, తీగకా, వినే చెవులకా? బడిలో తోటి మాస్టర్లు తలా ఒక మాట చెప్పారు. పైగా, దొంగ రేడియో మాస్టారూ అని ఒకాయన ఆటపట్టించాడు కూడా. కేసు అయితే ఉద్యోగం పోతుందని నాన్నకు అన్నం సయించలేదు. కోటయ్య మామ మాత్రం అరుగు మీద చుట్ట కాలుస్తూ తీసిపారేశాడు.

"మా ఇంట్లో చేపల పులుసు కాగితే వాసన మీ ఇంట్లోకి రాదా మాస్టారూ? దానికి కూడా చీటీ రాయించుకుంటారా ఏంది?"

నాన్న తేల్చుకోలేక, మర్నాడు పొద్దున్నే తీగ విప్పి గడ దించేశాడు.

ఆ సాయంత్రం కిటికీలో రేడియో గరగరమంటూనే ఉంది, మాట తెలియటం లేదు. కోటయ్య మామ మీటలు తిప్పి తిప్పి విసుగొచ్చి లోపలికి పోయాడు. నాయనమ్మ కదల్లేదు. ఆ గరగరకే చెవి ఒగ్గి కూర్చుంది. లోపలికి రమ్మని నాన్న పిలిస్తే మెల్లగా అంది:

"ఉండరా అబ్బాయ్. ఇందాక ఆ గరగరలో మనోడి మాటేవన్నా పోయిందేమో."

 తెల్లారగానే నాన్న గడ భుజానికెత్తుకుని మిద్దె ఎక్కాడు. అమ్మ కింద నిచ్చెన పట్టుకుంది. నేను తీగ అందించాను.

ఆ మధ్యాహ్నమే లైసెన్సులు చూసే ఆయన రానే వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి తల పైకెత్తి గడను చూశాడు. రేడియో ఏదన్నాడు. లేదన్నాడు నాన్న. మరి గడ? నక్షత్రానిది. తీగ? పక్కింటిది. మరి మీరు వినరా?  నాన్న అబద్ధం ఆడలేడు, నిజం ఏదో తెలియదు. నాయనమ్మ చేట పక్కన పెట్టి లేచింది.

"ఇనేది నేను నాయనా. నా చిన్న కొడుకు పటాలంలో ఉండాడు. ఇనేదానికీ చీటీ కావాలంటే నా పేరున రాసుకో, ఈడి ఉజ్జోగం జోలికి మాత్రం పోమాక."

ఆయన కలం తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. గడను ఒకసారి, నాయనమ్మను ఒకసారి చూశాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వినేవాళ్ల సంగతి నాకూ తెలియదమ్మా, ఆఫీసులో కనుక్కుని మళ్లీ వస్తాను అన్నాడు. ఆయన కోసం నాన్న చానాకాలం వీధిలోకి చూస్తుండేవాడు. ఆయన రాలేదు.

వేసవిలో బాబాయి వచ్చాడు. సరిహద్దు మంచులో చలికి రెండు కాలివేళ్లు పోయాయి, మనిషి మిగిలాడు. చిత్రమేమిటంటే, వార్తల వేళకు రేడియో మోగగానే ఆయన లేచి స్టేషను వైపు పోయేవాడు. కొడుకు ఎదురుగా ఉన్నా నాయనమ్మ మాత్రం వార్తలు మానలేదు. ఇంకెవరి కొడుకు కోసమో, అలవాటో, నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు ఆ మట్టి మిద్దె లేదు. లైసెన్సూ ఎప్పుడో ఎత్తేశారు. నక్షత్రాలను బజార్లో కొని ఇనప చువ్వకు తగిలిస్తున్నారు, ఎవరి తీగ వాళ్ల ఇంట్లోకే పోతుంది. అప్పటివాళ్లలో మిగిలింది నేనూ, ఈ గుండూ.

మీరడిగినదానికి జవాబు నా దగ్గర లేదు పిల్లలూ. ఆ ఉత్తరాలు రాసేవాళ్లు ఎప్పుడైనా తలుపు కొడితే లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, మజ్జిగ ఇవ్వండి. వాళ్లకేమన్నా తెలిస్తే నాకూ చెప్పండి. కనుక్కుని వస్తానన్న ఆయన ఇంకా రాలేదు.