మా లైట్ల మేస్త్రీ పని చెడలేదు

మా లైట్ల మేస్త్రీ పోయినాడు. పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున, చర్చికి బయల్దేరతా చొక్కా గుండీలు పెట్టుకుంటా ఉన్నవాడు కూర్చున్నచోటే ఒరిగిపోయినాడంట. నాకు ఫోను వచ్చేటప్పటికి నేను జువ్వలదిన్నె హార్బరులో మా పికప్ బండికి చేపల ట్రేలు ఎక్కిస్తా ఉన్నా. "మేస్త్రీ ఇంక లేడు" అన్నారు. "ఏ మేస్త్రీ?" అని అడిగినా. తెలీక కాదు. తెలిసే అడిగినా.

ఈ నాలుగు ముక్కలు ఆయన్ని పొగడడానికి రాయడం లేదు. ఆయనకి చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. బతికుండగా చెప్పలా. కాబట్టి మీకు చెప్తా ఉన్నా.

మా ఆయనకి నడుము పడిపోయినాక బండి నేను తోలడం మొదలుపెట్టినా. ఆడమనిషి పికప్ తోలతా ఉంటే నవ్వేవాళ్ళు నవ్వినారు గానీ, నా నోటికి జడిసి మొహమ్మీద ఎవరూ నవ్వలా. తెల్లారకముందే సరుకెత్తుకోని నెల్లూరు మార్కెట్టుకి పోవాల. లైట్లు చూస్తేనేమో గుడ్డి దీపాలు. బల్బులు మార్చినా. ఇంకా పెద్ద బల్బులు వేయించినా. స్విచ్చి కాలి కంపు కొట్టిందే గానీ వెలుగు రాలా. విసిగిపోయి, రోడ్డు పక్కన ఉండే ఈయన షాపు ముందు ఆపినా.

ఆయన బల్బు వంక కూడా చూడలా. బానెట్ ఎత్తి, మూలన ఉండే నల్ల వైరు పట్టుకోని కదిలించినాడు. తుప్పు పొడిపొడిగా రాలింది. "ఉప్పుగాలి పాపా, ఎర్తుని తినేసింది. తిరిగిపొయ్యే దారి లేకుంటే కరెంటు వచ్చి మాత్రం ఏం జేస్తది?" అన్నాడు. గీకి, బిగించి, గ్రీసు పూసినాడు. బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, స్విచ్చి మీద భారం పడకుండా మధ్యలో రిలే పెట్టినాడు. నేను పారేద్దామనుకున్న పాత బల్బులే మళ్ళా తగిలించినాడు. స్విచ్చి నొక్కితే ఎదురుగోడ తెల్లంగా వెలిగిపోయింది. "అబ్బా!" అన్నా. "అప్పుడే అబ్బా అనబాక, అసలు పని ఇంకా ఉంది" అన్నాడు.

అసలు పనంటే గోడ మీద గీత. ఏ బండి వచ్చినా లైటు ఎత్తు కొలిచి, దానికి కాస్త దిగువన గోడ మీద బొగ్గుతో అడ్డంగా గీత గీస్తాడు. డిమ్ము లైటు వెలుగు ఆ గీత దాటి పైకి పోకూడదు. అది గూడా ఖాళీ బండికి చెయ్యడు. వెనకాల బరువు పడితే ముందు మూతి లేస్తది, లైటు రోడ్డుని వదిలేసి ఎదరొచ్చేవాడి కళ్ళల్లో కారం కొడతది. అందుకని లోడు లేకుండా వచ్చిన బండిలోకి, బస్సు కోసం నిలబడుండే జనాన్ని పిలిచి ఎక్కించేవాడు. "అయ్యా, అమ్మా, రెండు నిమిషాలు బరువుగా కూర్చోని దిగి పోండి." ఒకసారి పెళ్ళికి పొయ్యేవాళ్ళు పట్టుచీరలతో నా చేపల బండెక్కి, ముక్కులు మూసుకోని, తిట్టుకుంటానే కూర్చున్నారు. ఆయన స్క్రూ తిప్పుకుంటా, "ఎదరొచ్చేవాడు గూడా ఇల్లు చేరాల గదా" అన్నాడు.

తరవాత షుగరు ఆయన కళ్ళని తినేసింది. గోడ కనపడతది, గీత కనపడదు. అయినా మానలా. ఆయన స్క్రూ తిప్పుతా ఉంటే డ్రైవరు గోడకాడ నిలబడి పైన, కింద అని చెప్పాల. "కళ్ళు మీవి, చెయ్యి నాది" అనేవాడు.

వానాకాలంలో ఒకనాడు సందెవేళ, రెండో లోడుతో పోతా ఉన్నా. ఎవడో వెనక్కి తీస్తా నా బండి ముందుభాగానికి తగిలించి లైటు కదిలించేసినాడు. వెనకాల నిండా చేపలు, కింద ఐసు కరిగి నీళ్ళు కారతా ఉండాయి. మార్కెట్టు నుంచి ఫోను మీద ఫోను. మేస్త్రీ తడుముకుంటా తిప్పతా ఉంటే నాకు ప్రాణం పోతా ఉంది. వెలుగు ఇంకా గీతకి జానెడు పైనే ఉంది. "వచ్చేసింది మేస్త్రీ, సరిగ్గా గీత మీదుంది" అన్నా. ఆయన ఆగి, "బాగా చూసి చెప్పు పాపా" అన్నాడు. "చూసే గదా చెప్పేది! నా మాట నమ్మకుంటే ఎట్టా?" అని కసిరినా. "నమ్మకేం పాపా" అని స్క్రూడ్రైవరు తుడుచుకున్నాడు.

నాలుగు రోజులకి నేను షాపు దగ్గిర టీ తాగతా ఉంటే బస్సు డ్రైవరు ఒకడు వచ్చి మేస్త్రీ మీద పడ్డాడు. "నువ్వు లైటు కట్టిన పికప్పు ఎదరొచ్చింది. కళ్ళు బైర్లు కమ్మి బస్సుని కాలవలోకి దింపబొయ్యినా. నిండా జనం ఉండారు!" మేస్త్రీ లేచి నిలబడి, "తప్పు నాదే నాయనా, కళ్ళు పోయినాయి, ఇంక నా చెయ్యి గూడా పనికిరాదు" అన్నాడు. ఆ పికప్పు నాది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేసినా. ఆ సాయంత్రమే నెల్లూర్లో ఇంకో షాపులో లైటు దించుకున్నా. రెండు నిమిషాల పని. మరసటి రోజు నుంచి మేస్త్రీ షట్టరు తియ్యలా.

ఏడాది బతికినాడు ఆ తరవాత. వారానికొకసారి ఆయనకి ఇష్టమని కానాగంత చేపలు తీసుకపొయ్యి ఇచ్చేదాన్ని. ఈసారి చెప్పేద్దాం అనుకుంటానే పొయ్యేదాన్ని. ఆయన మంచం మీద కూర్చోని, "బండి ఎట్టుంది పాపా, ఎర్తు చూసుకుంటా ఉండావా?" అనేవాడు. నేను చేపల సంచీ ఆయన భార్యకిచ్చి వచ్చేసేదాన్ని. సిగ్గో, భయమో, నా పాడు బుద్ధో!

మొన్న జ్ఞాపకార్థ కూడికకి పొయ్యినా. ప్రార్థన అయినాక భోజనాల్లో, పక్క వరసలో డ్రైవర్లు మాట్లాడుకుంటా ఉండారు. "చేతిలో విద్య ఉండేది పాపం. చివర్లో కళ్ళు పోయి పని చెడింది." వాళ్ళకి అక్కడ చెప్పలా, ఇక్కడ చెప్తా ఉన్నా.

చెడలేదన్నలారా. ఆయన పని ఒక్కనాడు గూడా చెడలేదు. ఆయన చెయ్యి ఆగమన్నచోట ఆగింది, ఆగమనింది నేను. అబద్ధం నాది.

మేస్త్రీ భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, అన్నం వడ్డిస్తా నా దగ్గరికి వచ్చింది. ఎంగిలిచేత్తోనే ఆమె కొంగు పట్టుకోని, ఏడస్తా అంతా చెప్పేసినా. అరుస్తదేమో, పొమ్మంటదేమో అనుకున్నా. ఆమె గరిటె గిన్నెలో పెట్టింది.

"ఆ మాట ఆయనతో ఒక్కసారి చెప్పుంటే, మళ్ళా షట్టరు తీసుండేవాడు గదమ్మే" అనింది.

అని, నా కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసి, పక్కవాళ్ళ దగ్గిరికి జరిగింది.