ట్రాక్టరు మూతకు పూసిన కుంకుమ

వర్తూరులో మా అపార్ట్‌మెంటుకు వచ్చే నీళ్ళ ట్యాంకరును లాగేది, చక్రం కనిపెట్టిన వారానికే తయారైనట్టుండే ఒక ముసలి ట్రాక్టరు. ఆయుధపూజ మర్నాడు నా తలంతా సబ్బు నురుగుతో ఉండగా కొళాయి ఆగిపోయింది. తువ్వాలుతోనే వీధిలోకి పరుగెత్తాను. నిండు ట్యాంకరు మలుపులోనే నిలిచిపోయి ఉంది. ట్రాక్టరు స్టార్టవుతుంది, నాలుగడుగులు కదులుతుంది, ప్రాణం విడుస్తుంది.

"దిష్టి తగిలుండాదప్పా," అన్నాడు డ్రైవరు. ఆగిన ప్రతిసారీ డీజిల్ ట్యాంకు మూతకు ఇంకాస్త పసుపూ కుంకుమా మెత్తుతున్నాడు. మూత పెళ్ళికూతురి పాదంలా మెరుస్తోంది.

"అసలు డీజిలుందా?" అని నేనే మూత తిప్పాను. ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. ఈసారి స్టార్టయిన ఇంజను ఆగలేదు. మూతకుండే గాలి రంధ్రాన్ని ఈ డ్రైవరు భక్తే పూడ్చేసింది; గాలి చొరబడక డీజిల్ ఇంజనుకు దిగడం లేదన్నమాట!

"తుడిచెయ్యవయ్యా!"

"దేవుని బొట్టప్పా! పండగ వారంలో తుడిస్తే బండి మిగుల్తాదా?"

సబ్బు కారి నా కళ్ళు మండిపోతున్నాయి. ట్యాంకు మూత ఉన్న బానెట్ ఎక్కి, గాలి పోయేలా, డీజిల్ చిందకుండా మూతను వదులుగా పట్టుకుని కూర్చున్నాను. అలా ఊరేగుతూ వస్తుంటే బాల్కనీల్లోంచి జనం చప్పట్లు కొట్టారు. మా ఆవిడ మాత్రం కిటికీ మూసేసింది.