మబ్బు లేని కొండ

మట్టిబొమ్మలో ఊపిరి ఊది మనిషిని చేసిన దేవునికి స్తోత్రం. ఆయన చేసిన కొండలకూ మబ్బులకూ స్తోత్రం. దుఃఖంతోనే రాస్తున్నాను, అయినా ఆ మాట ముందు చెప్పకుండా నా కలం కదలదు.

మా చెల్లెలికి ఆస్తమా. కాపురం బోయిన్‌పల్లి మార్కెట్ వెనక సందులో. తెల్లవారకముందే కూరగాయల లారీలు అక్కడ పొగ చిమ్ముతూ నిలబడతాయి. అయినా తిరుమలగిరిలోని మా సంఘంలో పాట ఎత్తుకునేది ఆమే. ఏటా ఎండాకాలంలో సంఘమంతా నల్లమలలోని ఒక కొండ మీద మూడు రోజులు ఉపవాస ప్రార్థనకు వెళ్తుంది. పోయిన ఏడు తనూ బయలుదేరింది.

“ఈ పొగకు నా ఛాతీ మిర్చి గోదామైందక్కా. జెర కొండగాలి పీల్చనియ్యి, మళ్ళా మనిషినైత” అంది.

వారం ముందు నుంచీ సంఘంలో ఒకటే విన్నపం: వాన రావద్దు, గాలి లేవద్దు, టెంట్లు నిలవాలి. ప్రతి ఏడూ చేసే ప్రార్థనే. అలాగే జరిగింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఆకు కదల్లేదు. కింద అడవి ఎక్కడో అంటుకున్నట్టుంది, లోయంతా పలచటి పొగ. దేవుడు విన్నాడని చప్పట్లు కొట్టాం.

చెల్లెలి చేతిలో ఇన్‌హేలర్ చూసి సంఘపెద్ద భార్య నవ్వింది. “ఏందమ్మా, విశ్వాసం ఇంట్ల పెట్టి ఇది పట్టుకొచ్చినవా?”

“విశ్వాసం గుండెలున్నది వదినా. దమ్మే దీంట్ల ఉన్నది.”

రెండో రోజు మధ్యాహ్నం పాట నడుమ ఆమె గొంతు ఆగిపోయింది. ఉపవాసం నీరసమనుకున్నాం. కొండగాలి తగలాలని టెంటు బయటికి తెచ్చి కూర్చోబెట్టాం. ఇన్‌హేలర్ పీల్చినా రాత్రికీ తేలిక పడలేదు. తెల్లారాక కారులో దింపి, బేగంపేటలో ఒక ఆసుపత్రికి చేర్చాం.

అడవుల్లో గాలిని కొలిచే పని చేసే మా అన్న కూతురు చూడటానికొచ్చింది.

“అత్తా, బండ్ల పొగ, అడవి మంటల పొగ గాలిల కలిసి కొండలదాకా పోతది. మబ్బు లేకుండ ఎండ కొడితే అదే ఓజోన్ అనే విషగాలి అయితది. కంటికి కనిపియ్యది, ఊపిరితిత్తుల్ని కోస్తది. సిటీల రాత్రిపూట బండ్ల పొగే దాన్ని జెర తినేస్తది. కొండ మీద తినేటిది తక్కువ, రాత్రి సుత అట్లనే ఉంటది. ఆకులు సుత మచ్చలు పడి ఎండుతయి.”

“మరి వానొస్తే?”

“మబ్బు పడితే తయారయ్యేదే తగ్గుతది, అత్తా.”

వాన రావద్దని వారం పాటు వంచిన నా మోకాళ్ళవైపు చూసుకున్నాను. అదొక్కటే కారణమని డాక్టరు అనలేదు. కాదనీ అనలేదు.

ఇప్పుడు చెల్లెలు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పక్కనే ఉంటుంది. ఆదివారం ఫోన్‌లో ఆరాధన వింటూ పెదవులు కదుపుతుంది. మొన్న పల్లవి ఎత్తుకుంది, మొదటి చరణం సగంలో దగ్గు ముంచుకొచ్చింది. “పోనీ అక్కా, మీరు పాడుండ్రి” అని గోడవైపు తిరిగింది.

ఇది చదువుతున్న అన్నలారా, అక్కలారా, కాసేపు నాతో కలిసి మోకరించండి. చెల్లెలికి ఒక్క చరణం ఆగకుండా పాడేంత ఊపిరిమ్మని అడుగుదాం. కిందికి దిగిరాలేని ఆ కొండమీది చెట్ల కోసమూ అడుగుదాం. ఆమేన్.