ఓడలో ఇద్దరు అప్పన్నలు

2000వ సంవత్సరం, వైటూకే గండం గడిచిన కొత్త. కంప్యూటర్లు ఆగిపోలేదు సరికదా, సింగపూర్‌లో మావాళ్లకు ఉద్యోగాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. క్లెమెంటిలో ముగ్గురితో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటూ నేను డేటాబేస్ పని చేసేవాణ్ణి. డేటాబేస్ అంటే బ్రహ్మవిద్య కాదు, వెతికితే దొరికేలా సర్దిపెట్టిన జాబితా.

అందరికీ బ్యాంకుల పనులొస్తే నాకు తెరచాప ఓడలు తగిలాయి. పందొమ్మిదో శతాబ్దం తొలి రోజుల్లో మన తీరం నుంచి వలస వచ్చినవాళ్ల పేర్లున్న పాత రిజిస్టర్లు ఒక చిన్న ప్రదర్శనశాలలో ఉన్నాయి. టైపిస్టులు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించారు. కొన్ని పేజీలు రెండుసార్లు ఎక్కేశాయి. అందుకని నేను డీడూప్ ప్రోగ్రామ్ రాశాను, అంటే రెండుసార్లు పడిన మనిషిని ఒక్కణ్ణి చేసేది. ఓడ, పేరు, ఊరు, వయసు నాలుగూ కలిస్తే రెండోదాన్ని కొట్టేస్తుంది. పని చకచకా అయిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం ప్రదర్శన. జాబితా గోడమీదికెక్కే ముందు సరిచూసుకోమని బుధవారం ఆ వంశాలవాళ్లను పిలిచారు. సెరంగూన్ నుంచి రత్తమ్మ ఆంటీ వచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్లు, పుట్టింది ఇక్కడే, ఆమె తెలుగులో అరవం కూడా కలుస్తుంది. ఆమె ముత్తాతగారి తండ్రి చిన్నప్పన్న, ఆయన పెదనాన్న కొడుకు పెద్దప్పన్న, ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారని వాళ్లింట్లో చెప్పుకుంటారు. పెద్ద, చిన్న అన్నవి ఇంట్లో పిలుపులే, అసలు పేరు ఇద్దరిదీ అప్పన్నే. స్క్రీన్ మీద ఒక్కడే అప్పన్న ఉన్నాడు. ఆయన తమవాడేనని పెద్దప్పన్న సంతతివాళ్లు పొద్దున్నే వచ్చి చెప్పిపోయారు. ఓడలో వచ్చింది మా తాత ఒక్కడే, మీ తాత ఓడ వెనకాల ఈదుకుంటూ వచ్చాడా అని ప్రతి పెళ్లిలోనూ ఆమెను ఆటపట్టించే బంధువులు వాళ్లే. ఆంటీ నవ్వుతూనే చెప్పారు గానీ, గోడమీద రెండో అప్పన్న లేకపోతే ఆ ఎగతాళే నిజమైపోతుందని ఆమె బెంగ.

పేరు, ఊరు, వయసు అన్నీ ఒకటే కాబట్టి అది డూప్లికేట్ రికార్డు అని నేను పెద్ద తెలిసినవాడిలా వివరించాను. ఆమె మా ఊరూ పేరూ అడిగారు. విజయనగరం దగ్గర, అప్పలరాజు అన్నాను.

"మీ ఇంట్ల ఇంకో అప్పలరాజు లేడా తంబీ?"

ఉన్నాడని ఒప్పుకున్నాను. లేకేం, మా పెదనాన్న కొడుకు. తాత పేరు నిలబెట్టాలని అన్నదమ్ములిద్దరూ చెరో కొడుక్కి అదే పెట్టారు. వాడు పెద్దరాజు, నేను చిన్నరాజు, ఇద్దరం ఒకే ఏడాది పుట్టాం. ఇంటర్‌లో వాడి మార్కులు మా ఇంటికొస్తే తన్నులు నేను తిన్నాను.

"కంప్యూటర్‌కి తాతలు లేరు, సరి. నీకు ఉన్నారు గదా," అన్నారామె.

సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. అసలు రిజిస్టర్ తెప్పించాను. ఒకే పేజీలో ఒకరి కింద ఒకరు ఇద్దరు అప్పన్నలున్నారు. ఆనాటి గుమస్తా పొరపాటున రెండుసార్లు రాశాడేమోనని పేజీ అడుగున అతను వేసిన తలల లెక్క చూశాను. ఆ పేజీకి మా జాబితాలో ఉన్నవాళ్ల కంటే సరిగ్గా ఒక మనిషి ఎక్కువ. ఒకే పేజీలో రెండు వరసల్లో ఉన్నవాళ్లను ముట్టుకోవద్దని ప్రోగ్రామ్ మార్చి మళ్లీ నడిపాను. నేను తోసేసిన నూకయ్యలు, రాములు అన్ని ఓడల్లోనూ జంటలు జంటలుగా తిరిగి ఎక్కారు.

ఆంటీ అంతసేపూ కదలకుండా కూర్చున్నారు. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. స్క్రీన్ మీది రెండు వరసలూ చదివి వినిపించాను. రెండోది మళ్లీ చదవమన్నారు. చదివాను. ఆమె కళ్లు తుడుచుకున్నారు.

"ఇప్పటికి దిగినాడు మా తాత," అన్నారు.

ఆ తర్వాత ఇంతకంటే పెద్ద పనులెన్నో చేశాను. మనుషుల్ని అడక్కుండా మనిషి పేరు మాత్రం ఇంకెప్పుడూ కొట్టేయలేదు.